ముక్కత్త సూపు, మరదలి రొట్టె

ముక్కత్తకి ఆ పేరు పెట్టింది మేనకోడలే. ఎదురింట్లో పొయ్యి మీద పాలు మాడుతున్నాయని తమ ఇంటి హాల్లో కూర్చుని చెప్పిన అత్తని చూసి, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న ఆ పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది. మర్నాటి నుంచీ అదే పిలుపు. ఇంకొకరైతే నొచ్చుకునేవాళ్ళు. ఈవిడ మాత్రం బిరుదు ఇచ్చినంత సంబరపడి, తన లాండ్రీకి వచ్చే వాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆ లాండ్రీ కూడా ఆ ముక్కు మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. చొక్కా కౌంటరు మీద పడగానే మరక ఎక్కడుందో వెతికే పని లేదు. ఒకసారి దగ్గరికి తీసుకుని, ఇది టీ, ఇది మందు, ఇది మందు మత్తులో ఒలకబోసుకున్న టీ అని తేల్చేసేది. వచ్చినవాడు మొహం పక్కకి తిప్పుకుని రసీదు తీసుకునేవాడు. భార్య ఇచ్చి పంపిన కోటుని ముక్కత్త చేతికి ఇవ్వడానికి మగాళ్ళు జంకేవాళ్ళంటే చూడండి.

ఇక సూపు సంగతి. ఏడాది చివరి సెలవుల్లో కుటుంబమంతా తమ్ముడింట్లో చేరి ఒక పూట కలిసి భోంచేస్తారు. ఆ పూటకి ఎముకల సూపు ముక్కత్తది. అంతకుముందు వాళ్ళమ్మది. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ఎముకలు వేసి, దుంపలు వేసి, మిరియాలు దంచి వేసి పొద్దున్నుంచీ సన్న సెగ మీద మరిగించే ఆ సూపుకి ఒక నియమం ఉంది. వండేటప్పుడు చెంచా నోటి దాకా పోకూడదు. మూత ఎత్తాలి, ఆవిరి పీల్చాలి, ఉప్పు ఎంత పడాలో చెప్పాలి. రుచి చూసుకుంటూ వండేవాళ్ళకి తమ చేతి మీద తమకే నమ్మకం లేదని వాళ్ళమ్మ ఉద్దేశం. ఉప్పుకి వాసనేమిటని ఎవరైనా అడిగితే, ఉప్పుకి ఉండదు, ఉప్పు పడిన ఎముకల రసానికి ఉంటుంది, నీకు తెలియకపోతే లేనట్టా అని ముక్కత్త కసిరేది. అడిగినవాళ్ళు సూపు తాగాక మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ఆ ఏడు చలి మొదలవగానే ముక్కత్తకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. వచ్చినట్టే పోయింది గానీ, పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. నాలుక మొద్దుబారిపోయింది. కాఫీ వేడినీళ్ళలా ఉంది, వేడినీళ్ళు కాఫీలా ఉన్నాయి. డాక్టరు టార్చి వేసి చూసి, కాగితం మీద ఏవో గీతలు గీసి, "వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను" అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను కదా, నీకెందుకు ఫీజు అని ముక్కత్త నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకో ఆ రోజు అనబుద్ధి కాలేదు.

ఎవరికీ చెప్పలేదు. లాండ్రీలో కళ్ళజోడు తుడుచుకుని మరకల్ని కంటితోనే చూసి నెట్టుకొచ్చింది. అసలు భయమంతా సూపు గురించే. ముక్కు పోయిందని తెలిస్తే అందరూ అయ్యో అంటారు, నువ్వు కూర్చో అంటారు, కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేతికి గరిటె మళ్ళీ రాదు. ఆవిడ తల్లికి చివరి రోజుల్లో సరిగ్గా అదే జరిగింది. కుర్చీ వేసింది ముక్కత్తే.

సరిగ్గా ఆ సమయంలోనే మేనకోడలు ఫోన్ చేసింది. బడిలో లెక్కలు చెబుతుంది, ఏదైనా నలుగురికీ పంచాలంటే దానికి ముందుంటుంది.

"అత్తా, ఈసారి కొత్త పద్ధతి. ఎవరి వంట వాళ్ళు అందరి ముందూ చేసి చూపించాలి. మిగతావాళ్ళం నేర్చుకుంటాం. ఇన్నేళ్ళుగా తింటున్నాం గానీ, ఒకళ్ళ వంట ఒకళ్ళకి రాదు. అమ్మ తన రొట్టె చూపిస్తానంది. నువ్వు సూపు. సరేనా?"

కాస్త ఆలోచించి చెబుతాననాల్సింది. "ఓ, దానికేం" అనేసింది ముక్కత్త. ఫోన్ పెట్టేశాక తన నోటిని తనే తిట్టుకుంది.

అయినా ఊరికే బెంబేలెత్తే మనిషి కాదావిడ. లాండ్రీ వెనక గదిలో, ఆవిరి పెట్టె పక్కన చిన్న పొయ్యి పెట్టి సాధన మొదలుపెట్టింది. మొదటి రోజు ఉల్లిపాయలు బొగ్గయిపోయాయి. ఇస్త్రీ మాస్టారు ముందు గదిలోంచి, "అమ్మా, ఏ కస్టమరు బట్టలైనా అంటుకున్నాయా?" అని పరిగెత్తుకొచ్చేదాకా ఆవిడకి తెలియలేదు. మర్నాడు చెవులు నిక్కించి, మూకుడులో చిటపట సద్దు తగ్గగానే దించేసింది. అది బాగానే ఉన్నట్టు కనిపించింది. ఉప్పు దగ్గరే వచ్చింది చిక్కంతా. యూనిఫాం తీసుకోవడానికి వచ్చిన ట్రాఫిక్ పోలీసుకి ఒక గిన్నె పోసి ఇచ్చింది.

"ఎలా ఉంది?"

"అమృతంలా ఉందమ్మా."

మరుసటి రోజు కావాలనే ఉప్పు వేయకుండా ఇచ్చింది. అప్పుడూ అమృతంలానే ఉందన్నాడు. ఊరికే పెట్టింది తిని నిజం చెప్పే మనిషి లోకంలో ఉండడని ముక్కత్తకి అర్థమైంది. అందుకని ఆవిడ అడగడం మానేసి, ఇస్త్రీ మాస్టారుకి సూపు పోసి, తర్వాత అతను కూజా దగ్గరికి ఎన్నిసార్లు వెళ్తున్నాడో ఓరకంట గమనించసాగింది. ఎక్కువసార్లు లేస్తే ఉప్పు ఎక్కువ. అసలు లేవకపోతే తక్కువ. భోజనమయ్యాక ఒక్కసారి, తృప్తిగా లేచి వెళ్ళిన రోజున ఎన్ని చిటికెలు వేసిందో గుర్తు పెట్టుకుని, ఇక చూసుకోండి నా తడాఖా అనుకుంది. ముక్కు లేకపోతేనేం, బుర్ర ఎక్కడికీ పోలేదు కదా.

భోజనం రోజున తమ్ముడింటి వంటగది పెళ్ళివారి విడిదిలా ఉంది. రైలు నడిపి రిటైరైన తమ్ముడు, ఇంకా ఇంజను మోతలో ఉన్నట్టే గట్టిగా మాట్లాడుతూ అడ్డంగా తిరుగుతున్నాడు. అతని భార్య, అంటే ముక్కత్త మరదలు, ఎండుపళ్ళు కలిపిన పిండిని అచ్చులో సర్దుతోంది. మరదలిది మెత్తని మాట. ఆ రొట్టె ఆవిడ పుట్టింటిది. పెళ్ళయిన కొత్తలో చేస్తానంటే, సూపులోకి తియ్యరొట్టె ఏమిటమ్మా, తలకి నూనె రాసుకుని పౌడరు కొట్టుకున్నట్టు అని ముక్కత్త అందరిలో నవ్వేసింది. చాలా ఏళ్ళ పాటు ఆ రొట్టె ఊసే రాలేదు. పిల్లలు పెద్దవాళ్ళయి అమ్మ రొట్టె కావాలని పట్టుబట్టాకే దానికి బల్ల మీద చోటు దొరికింది. ఇప్పుడు దాన్ని అందరికీ నేర్పే రోజొచ్చిందని మరదలు కొత్త చీర కట్టుకుంది.

ముక్కత్త ఉల్లిపాయలు వేయించింది. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. మేనకోడలు ఫోన్లో వీడియో తీస్తోంది. వెనక గదిలో బొగ్గయిన ఉల్లిపాయలు కళ్ళ ముందు మెదిలి, సద్దు కాస్త తగ్గిందో లేదో మూకుడు దించేసింది. అమ్మ వేయించిన రంగు రాలేదని ఆవిడకి తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు. ఎముకలు, నీళ్ళు, దుంపలు, దంచిన మిరియాలు పడ్డాయి. మూత పడింది. చేతులు కడుక్కుని, "ఇక దాని పని అది చేసుకుంటుంది, ఉప్పు సంగతి చివర్లో" అని దర్జాగా స్టూలు మీద కూర్చుంది.

సూపు ఒక దారిన పడ్డాక మరదలు రొట్టె ఓవెన్లో పెట్టింది. ఇంతలో హాల్లోంచి తమ్ముడు బల్లలు జరపాలి రమ్మని కేక వేశాడు. అందరూ అటు కదిలారు. మరదలు చెయ్యి తుడుచుకుంటూ ఆగింది.

"వదినా, కాస్త రొట్టె చూస్తూ ఉండండి. తలుపు మాత్రం తెరవకండి, కుంగిపోతుంది. తీపి వాసన కాస్త ముదరగానే పిలవండి."

"టైమర్ పెట్టనా అమ్మా?" అని మేనకోడలు అడిగింది.

"మీ అత్త ముక్కుండగా టైమర్ ఎందుకే!" అని నవ్వుతూ వెళ్ళింది మరదలు.

"చూస్తాలే, వెళ్ళు" అంది ముక్కత్త.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. టైమర్ పెట్టు అన్నా సరిపోయేది. కానీ ఆ మాటంటే ఎందుకని అడుగుతారు. వంట చేసేవాళ్ళు ఎప్పుడు దించాలో తనకి తెలుసు, పక్కవాళ్ళ పొయ్యి మీద పాలు ఎప్పుడు పొంగుతాయో కూడా తెలుసు అని ఇన్నేళ్ళూ చెప్పుకుని, ఇప్పుడు గంట మోగే డబ్బా ఎలా అడగడం? ఓవెన్ అద్దం ఏళ్ళ తరబడి మసి పట్టి నల్లగా ఉంది. లోపల ఏముందో కనిపించదు. దాని దగ్గర చెవి పెట్టి వింది. ఉల్లిపాయలైతే మాట్లాడతాయి గానీ, రొట్టె మూగది. ఇంకాసేపు ఆగుదాం, ఇంకాసేపు ఆగుదాం అనుకుంటూ కూర్చుంది. సూపు ఆవిరి గదంతా కమ్మేసింది. పైన ఫ్యాను దాన్ని బయటికి లాగుతోంది. అందులో పొగ కలిసిన సంగతి ఆవిడ కంటికి అందలేదు.

మాడు వాసన తగిలి హాల్లోంచి అందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు. మేనకోడలు ఓవెన్ ఆపింది. మరదలు తలుపు తెరిచింది. నల్లటి పొగ మొహానికి కొట్టింది. అచ్చులో రొట్టె పైన బొగ్గులా ఉంది. దానికి అడుగు దూరంలో స్టూలు మీద ముక్కత్త కూర్చునే ఉంది.

వీధి చివర మాడిన అన్నాన్ని పసిగట్టే మనిషి, పక్కనే తగలబడుతున్న రొట్టెని పసిగట్టలేదంటే ఎవరు నమ్ముతారు? నమ్మడానికి ఇంకొకటే మిగిలింది. అది మరదలి నోట్లోంచే వచ్చింది.

"మీకు తెలుసు వదినా. తెలిసే ఊరుకున్నారు."

"అక్కా," అన్నాడు తమ్ముడు. ఈసారి గొంతు పెద్దది చేయలేదు. "ఇంత పని చేస్తావనుకోలేదే."

ముక్కత్త తల ఎత్తింది. కడిగి పారెయ్యడానికి మాటలు బోలెడున్నాయి, ఎప్పుడూ ఉంటాయి. కానీ ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఒక్క క్షణం ఆ నింద ఆవిడకి నచ్చింది కూడా. దుర్మార్గురాలు అనుకుంటే అనుకోనీ, దుర్మార్గురాలికి కనీసం ముక్కుంటుంది. నాలుగు రోజులు మొహం మాడ్చుకుంటారు, మళ్ళీ సెలవులకి సూపు వండమని వాళ్ళే పిలుస్తారు. పోయేదేం లేదు.

మరదలు ఏడవడం లేదు. అచ్చుని బోర్లించి, చాకుతో మాడిన పెచ్చు గీకుతోంది. కొత్త చీర మీద నల్లటి పొడి రాలుతోంది. దులుపుకోవడం లేదు. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఆవిడ తన పుట్టింటి నుంచి తెచ్చి నిలబెట్టుకున్నది ఆ రొట్టె ఒక్కటే. అది ముక్కత్తకి తెలుసు. నా గరిటె నా చేతిలో ఉండటం కోసం దీని గుండె ఇలా గీకుతూ కూర్చోవాలా, ఛీ అనుకుంది.

"నా ముక్కు పోయింది" అంది.

తమ్ముడు అర్థం కానట్టు చూశాడు.

"జ్వరం వచ్చినప్పుడే పోయింది. నాలుక కూడా. వాసన లేదు, రుచి లేదు. నీ రొట్టె మాడుతుంటే నాకు తెలియలేదమ్మాయ్. నీ మీద కోపంతో కాదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను."

"ఊరుకో అక్కా, తప్పించుకోవడానికి కథలు" అని తమ్ముడు నవ్వబోయాడు. ముక్కత్త కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం ముందుకు చాపింది. "పెట్టు. నీ ఇష్టం వచ్చింది పెట్టి చూడు."

అతను అటూ ఇటూ చూసి, పొద్దున నడకకి వేసుకెళ్ళిన తన బూటు తెచ్చి పెట్టాడు. పక్కన ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ముక్కత్త నిండుగా ఊపిరి పీల్చి, కాసేపు ఆలోచించింది.

"ఏం పెట్టావురా? గ్లాసుడు నీళ్ళా?"

అప్పుడు నవ్వు ఆగిపోయింది. తమ్ముడు బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చిన్నప్పుడు దొంగతనంగా చుట్ట కాల్చి వస్తే గుమ్మంలోనే పట్టుకున్న అక్క ఇది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేనకోడలు స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "మరి సూపు, అత్తా? ఉప్పు ఇంకా పడలేదు కదా?"

పడలేదు. ఇస్త్రీ మాస్టారు లెక్క లాండ్రీ గిన్నెకి సరిపోయింది గానీ, ఇది దానికి ఎన్నో రెట్ల పెద్ద గిన్నె. ఎన్ని రెట్లో పొద్దున్నుంచీ కట్టుకుంటున్న లెక్క ఇప్పుడు పూర్తిగా చెదిరిపోయింది. ముక్కత్త గరిటెని చూసింది. ఎవరో ఒకరు, నువ్వు కూర్చో అక్కా అంటారు. ఇదే ఆ క్షణం అనుకుని కాళ్ళు బిగబట్టుకుంది.

మరదలు చాకు పక్కన పెట్టింది. సొరుగు లాగి చెంచా తీసింది. ఆ గిన్నె ముందు చెంచా పట్టుకున్న మనిషిని ఆ ఇల్లు అంతకుముందు చూడలేదు. మూత ఎత్తి, కొంచెం తీసుకుని, ఊది, నోట్లో పోసుకుంది.

"చప్పగా ఉంది. లేచి ఉప్పు వెయ్యండి."

"నేనా?"

"మరి? సూపు ఎవరిది?"

ముక్కత్త లేచింది. పిడికెడు తీసి వేసింది. మరదలు కలిపి రుచి చూసి ఇంకా కావాలంది. మళ్ళీ వేసింది. "ఇంకొంచెం. చాలు చాలు, అబ్బ, ఆగండి!" అని మరదలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ అంత దగ్గరగా పొయ్యి ముందు ఎప్పుడూ నిలబడలేదు. మేనకోడలు మళ్ళీ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది.

అందరూ బల్ల చుట్టూ చేరారు. రొట్టె మాడిన పెచ్చు తీసేశాక సగమే మిగిలింది, లోపల మెత్తగానే ఉంది. సూపు గిన్నెల్లోకి వచ్చింది. మొదటి గుటక పడగానే బల్ల మోగిపోయింది.

"బ్రహ్మాండం అక్కా!"

"ఎప్పటికన్నా ఈసారే బాగుంది అత్తా, నిజంగా!"

ముక్కత్త నోట్లో వేడి తగిలింది, దుంప మెత్తగా తగిలింది. అంతే. తల ఊపుతూ అందరి మొహాలూ చూసింది. ఒక్కొక్కరి మొహంలోనూ ఆవిడకి ట్రాఫిక్ పోలీసే కనిపించాడు. జాలి పడి అంటున్నారు. ఇక జీవితాంతం ఇలాగే అంటారు. నీళ్ళు కాచి పోసినా అమృతమే అంటారు, ఏది బాగుందో ఏది పోయిందో తనకి ఇక ఎన్నటికీ తెలియదు. ముక్కు పోయినందుకు కూడా అంత దిగులు కలగలేదు. చెంచా గిన్నెలో పెట్టేసింది.

ఎదురుగా మరదలు ఒక్కతే ఏమీ అనకుండా తాగుతోంది.

"నువ్వు చెప్పు" అంది ముక్కత్త.

మరదలు తల ఎత్తింది. బల్ల చుట్టూ చూసింది. తమ్ముడు కళ్ళతోనే ఏదో సైగ చేశాడు.

"మీరు ఎప్పుడూ చేసినంత బాగా లేదు వదినా" అంది. "ఉల్లిపాయ తొందరగా దించేశారు. రసం పలచగా, తెల్లగా ఉంది. ఉప్పు సరిపోయింది. మిరియం అడుగున ఎక్కడో ఉండిపోయింది, పైకి రాలేదు."

"అమ్మా!" అని మేనకోడలు గుడ్లురిమింది. తమ్ముడు పొలమారి దగ్గాడు.

ముక్కత్త మరదలి మొహంలోకి తేరిపార చూసింది. ఉల్లిపాయ తొందరగా దించిన సంగతి తనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. వీడియో తీసిన పిల్ల కూడా పట్టుకోలేదు. ఈ నాలుక అబద్ధం చెప్పదు. అన్నాళ్ళ రొట్టె కోపం, ఇవాళ్టి రొట్టె బాధ, అన్నీ ఉండి కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పింది. అమ్మ పోయాక తన వంటకి వంక పెట్టిన మనిషి లేదు, పెట్టగలిగిన మనిషి ఇంట్లోనే ఉందని ఇన్నేళ్ళూ తను చూడలేదు. ముక్కత్తకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండింటినీ మింగింది.

"రేపు పొద్దున్నే వస్తాను, ఎముకలు తెప్పించి ఉంచు" అంది. "మళ్ళీ పెడదాం. ఉల్లిపాయ ఎప్పుడు దించాలో నువ్వు చెప్పు. దించడం నేను దించుతాను. నీ రొట్టె కూడా పెట్టు, నాకు నేర్పు. టైమర్ పెట్టుకుందాం."

"మిరియాలు ఇంకాస్త మెత్తగా దంచాలి" అంది మరదలు, ఇంకా చెంచా చప్పరిస్తూ.

"దంచుతాలే, బల్ల దగ్గర కూడా వంకలేనా?" అని కసిరింది ముక్కత్త. కసురుతూనే, జ్వరం వచ్చిన నాటి నుంచీ మొదటిసారి తనకి ఆకలి వేస్తోందని గమనించింది. గిన్నె ఎత్తి మరదలి ముందుకు చాపింది.

"ఇంకో గరిటె పొయ్యి."